గర్భగుడి చిన్నగా, చీకటిగా ఎందుకు ఉంటుంది? ద్వారం పెంచి, టైల్స్ వేయించవచ్చా?

నమస్కారమండి. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ ఊరి శివాలయం గర్భగుడి 8 అడుగుల చదరం. ద్వారం వెడల్పు రెండున్నర అడుగులు, వంగితే తప్ప స్వామి కనపడడు. గోడలు మసిబారి, వానాకాలం చెమ్మెక్కుతున్నాయి. కమిటీవారు గడప తీసేసి, ద్వారాన్ని 4 అడుగులకు పెంచి, లోపలి గోడలకు టైల్స్ వేయించి, ఎల్‌ఈడీ లైట్లు, ఏసీ పెట్టిద్దామంటున్నారు. డబ్బులిచ్చే దాత కూడా ఉన్నారు. "అసలు గర్భగుడి అంత ఇరుకుగా ఎందుకు కట్టారు, మారిస్తే తప్పేమిటి?" అని అడిగారు.

నేను మా నాన్నగారి దగ్గర ఉలి పట్టడం నేర్చుకుని, ముప్పై ఏళ్ళకు పైగా గుళ్ళ జీర్ణోద్ధరణ పనుల్లోనే ఉన్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. ద్వారం జోలికి, గడప జోలికి వెళ్ళవద్దు. టైల్స్ అసలే వద్దు. మీ చెమ్మకు మందు గర్భగుడిలో లేదు, గుడి బయట ఉంది. ఇలా ఎందుకంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి.

మనం గుడి బయట నిలబడి చూస్తే శిఖరం, మండపం, గోపురం కనపడి, వీటన్నిటి లోపల ఒక చిన్న గది ఉందనుకుంటాం. కట్టేవాడి లెక్క తిరగేసి ఉంటుంది. ముందు ఆ చిన్న గది, దాన్నిబట్టి మిగతా గుడి. ఆరో శతాబ్దపు జ్యోతిశ్శాస్త్రవేత్త వరాహమిహిరుడు తన బృహత్సంహిత గ్రంథంలో ఈ పాళ్ళు చెప్పాడు. గుడి వెడల్పులో సగం గర్భగృహం, మిగతా సగం గోడలకు. గర్భగృహం వెడల్పులో నాలుగో వంతు ద్వారం వెడల్పు, దానికి రెట్టింపు ద్వారం ఎత్తు. ఆ ద్వారం ఎత్తులో ఎనిమిదో వంతు తీసేస్తే మిగిలేది పీఠంతో సహా విగ్రహం ఎత్తు. అందులో రెండు పాళ్ళు విగ్రహం, ఒక పాలు పీఠం.

మీ గుడికే వేసి చూడండి. గర్భగుడి 8 అడుగులంటే గుడి వెడల్పు 16 అడుగులు, గోడ మందం ఒక్కో పక్క 4 అడుగులు. ద్వారం 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. పీఠంతో కలిపి స్వామి మూడున్నర అడుగులు, అంటే 42 అంగుళాలు. అందులో విగ్రహం 28, పీఠం 14. శాస్త్రాలన్నీ ఇవే పాళ్ళు చెప్పవు. ఆగమాన్నిబట్టి (గుడి కట్టడానికి, పూజకు పాటించే శాస్త్రం), ప్రాంతాన్నిబట్టి, కాలాన్నిబట్టి మారతాయి. మీ ద్వారం ఈ లెక్కకంటే అర అడుగు ఎక్కువే ఉంది. కానీ ఏ గ్రంథం పట్టుకున్నా ఒక విషయం మారదు: ద్వారానికీ, లోపలి దైవానికీ, గోడకూ, పైన శిఖరానికీ ఒకదానితో ఒకటి లెక్క ముడిపడి ఉంటుంది. ద్వారం ఒక్కటే మారుద్దామంటే కుదరదు. మీ తాతల కాలంలో ఎవరో స్థపతి (గుడి కట్టే శిల్పి) రోజుల తరబడి కూర్చుని వేసిన లెక్క అది. దాన్ని గోడ కోసే మిషన్‌తో ఒక పూటలో చెరిపేస్తామంటే నాకు మనసొప్పదు.

శివాలయం కాబట్టి ఇంకొక మాట. మనకు కనపడే లింగం మొత్తం లింగం కాదు. అడుగున నలుచదరంగా ఉండేది బ్రహ్మభాగం, పీఠం లోపలికి దిగి ఉంటుంది. నడుమ ఎనిమిది పలకలతో ఉండేది విష్ణుభాగం, పానవట్టంలో ఇమిడి ఉంటుంది. పైన గుండ్రంగా కనపడేది రుద్రభాగం. గుడి కట్టేటప్పుడు గర్భన్యాసం జరుగుతుంది. అరలు చేసిన పాత్రలో ధాన్యాలు, లోహాలు, రత్నాలు, మట్టి వంటివి ఉంచి కట్టడంలో నిక్షేపిస్తారు. స్త్రీ గర్భంలో పిండాన్ని నిలిపినట్టే ఇదీ అని శాస్త్రం భావన. 'గర్భ'గుడి అనే పేరు ఊరికే రాలేదు. గది నేలను కూడా బ్రహ్మ, దైవ, మానుష, పైశాచ భాగాలని నడిమధ్య నుంచి గోడల వైపు పట్టీలుగా విభజిస్తారు. లింగానికి నడిమి బ్రహ్మస్థానం, విగ్రహాలకు మధ్యనుంచి కాస్త వెనక్కి. అందువల్ల గోడకు అంగుళం మందం టైల్స్ అతికించినా, నేలను నాలుగు అంగుళాలు లేపినా ఈ లెక్కంతా కదులుతుంది.

ఇక ద్వారం. మీ కమిటీలో ఇంజినీరుగారున్నారన్నారు కదా, ఈ మాట ఆయనకు చూపించండి. ద్వారం పైనున్న అడ్డరాయి రాయే కానీ ఇనుప దూలం కాదు. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, వంపును ఓర్చుకోలేదు. అడుగు అడుగుకూ పడే బరువు అంతే ఉండి, కింద ఖాళీ రెండున్నర అడుగుల నుంచి 4 అడుగులకు పెరిగితే ఆ రాయి మీద వంచే బలం వెడల్పు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. అంటే రెండున్నర రెట్లు దాటుతుంది. పైన శుకనాసి (శిఖరం ముందుకు పొడుచుకొచ్చిన భాగం) బరువుంది, విమానం (గర్భగుడి మీది శిఖరం కట్టడం) బరువుంది. పాత గుళ్ళలో గోడలు సున్నం కూడా లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి చాలా ఉన్నాయి. ఒక నిలువు కంబం లాగితే పక్కనున్నవి ఎటు జారతాయో ముందే చెప్పడం నావల్ల కాదు. గడప ఆ రెండు నిలువు కంబాలనూ కింద పట్టి ఉంచుతుంది. అభిషేక జలం అంతరాలయంలోకి (గర్భగుడి ముందున్న చిన్న గదిలోకి) రాకుండా ఆపి, సోమసూత్రం అనే రాతి తూము వైపు మళ్ళిస్తుంది. తిరుమలలో ఆ గడపను కులశేఖరపడి అంటారు. నీ గుమ్మంలో మెట్టునై పడి ఉండి నీ ముఖం చూస్తూ ఉంటే చాలునని కులశేఖర ఆళ్వారు కోరుకున్నాడు, ఆయన పేరే ఆ గడపకు నిలిచింది. ఒక రాజు గడపగా పుట్టాలనుకున్న సంప్రదాయంలో ఉండి, గడప అడ్డమని తీసేద్దామా?

వంగితే తప్ప కనపడడన్నారు. వంగడం కోసమే ఆ ఎత్తు పెట్టారని నేను నమ్ముతాను. కానీ నడుం వంగని పెద్దవాళ్ళ బాధ కూడా నిజమే, దానికి దారి తర్వాత చెబుతాను.

చీకటి సంగతి. కిటికీలు పెట్టడం రాక చీకటిగా వదిలేశారనుకునేవాళ్ళు అలంపురం వెళ్ళి చూడాలి. బాదామి చాళుక్యుల కాలంలో, ఏడు ఎనిమిది శతాబ్దాల్లో కట్టిన నవబ్రహ్మ ఆలయాలవి. వాటిలో గర్భగుడి చుట్టూ గోడల మధ్య ప్రదక్షిణ దారి ఉంటుంది. ఆ దారికి వెలుతురు రావడానికి బయటి గోడలో రాతి జాలకాలు చెక్కారు, ఎంత అందమైన పనో. అంటే గోడలో కిటికీ చెక్కడం వాళ్ళకు బాగా తెలుసు. నడిచేవాడికి వెలుతురిచ్చి, స్వామి గదికి మాత్రం ఒక్క ద్వారమే ఉంచారు. కావాలని చేసిన చీకటి అది.

ఎందుకో మీకు మీరే ఒకసారి చూసుకోండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ధ్వజస్తంభం దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి మెల్లగా నడవండి. మండపంలో నీడ, రంగమండపంలో ఇంకాస్త మసక, అంతరాలయంలో దాదాపు చీకటి. ఒక్కో అడుగుకూ కంటిపాప విచ్చుకుంటూ వస్తుంది. గడప దగ్గరికి చేరేసరికి ఒక్క ప్రమిద వెలుగు చాలు, నల్లరాతి లింగం మీద ఆ వెలుగు కదులుతూ ఉంటే రూపం చీకట్లోంచి పైకి వస్తుంది. హారతి పళ్ళెం లేచినప్పుడు మనిషి ఒళ్ళు ఝల్లుమనేది అందుకే. పైనుంచి ఎల్‌ఈడీ కొట్టారంటే రాతికున్న లోతు పోయి, బల్లపరుపుగా ఫొటోలా కనపడుతుంది. ఇన్ని లక్షలమంది వచ్చే తిరుమలలో మూలవిరాట్టును నేటికీ దీపాల వెలుగులోనే చూస్తున్నాం. చీకటిగా ఉందని ఎవరైనా వెనక్కి వచ్చేశారా?

వెలుగును లోపలికి రానివ్వాలనుకున్నచోట ఎంత లెక్కగా రానిచ్చారో చెప్పడానికి అరసవల్లి ఉంది. శ్రీకాకుళం పక్కనే. ఏటా మార్చి రెండో వారంలో, అక్టోబరు మొదటి వారంలో కొద్ది రోజులు ఉదయపు సూర్యకిరణాలు సూర్యనారాయణస్వామి పాదాలను తాకుతాయి. ఈ రెండు తేదీలూ ఎందుకని చాలామంది అడుగుతారు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 21కి పది రోజులు ముందు ఒకటి, సెప్టెంబరు 23కి పది రోజుల తర్వాత ఒకటి. ఆ రెండు వేళలా సూర్యుడు తూర్పుకు ఒకేలా కాస్త దక్షిణంగా ఉదయిస్తాడు. ద్వారాల వరుస, ఎత్తు, లోపలి దూరం ఆ ఒక్క కోణానికి కలిశాయి. ఒక్క ద్వారం పెంచినా, దారిలో ఒక్క స్తంభం జరిపినా ఆ కిరణం దారి తప్పుతుంది.

నల్లగొండ దగ్గర పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం ఇంకొక చిత్రం. మూడు గర్భగుళ్ళున్న త్రికూటాలయం. ఒకదానిలో లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. సూర్యుడు తిరుగుతున్నా నీడ తిరగదు. అది నేరుగా పడే ఎండ నీడ కాకపోవడమే కారణం. మండపం పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుగును ముందున్న స్తంభాలు అడ్డుకోవడం వల్ల ఆ నీడ ఏర్పడుతుంది. లోపల ఒక ట్యూబులైటు వేయండి, వందల ఏళ్ళుగా ఉన్న ఆ నీడ ఆ క్షణమే మాయమవుతుంది. మీ గుడిలో అలాంటి విశేషం ఏదైనా ఉందేమో ఎవరైనా చూశారా? లైట్లు ఆర్పి ఒక రోజంతా కూర్చుని చూసినవాళ్ళు మీ ఊళ్ళో ఉన్నారా?

"జనం పెరిగారు కదండీ" అన్నారు. పెరిగారు. మనవాళ్ళకు కూడా ప్రతి తరంలో జనం పెరిగారు. వాళ్ళేం చేశారో చూస్తే మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. గర్భగుడి పాతదే, దాని ముందు మండపం వేశారు. అది చాలకపోతే ఇంకో మండపం, ఆపైన ప్రాకారం, గోపురం. సాంచిలో గుప్తుల కాలపు 17వ నంబరు గుడి ఉంది. ఒక్క చదరపు గది, ముందు నాలుగు స్తంభాల పంచ, పైన చదునైన కప్పు, అంతే. తర్వాత వచ్చిన ఎంత పెద్ద గుడి నడుమ అయినా అలాంటి గదే ఉంటుంది. శ్రీరంగంలో ఏడు ప్రాకారాలు, 1987లో పూర్తయిన రాజగోపురం 236 అడుగులు. లోపల రంగనాథుడి గది మాత్రం ఆ గోపురం పక్కన ఎంత! హనుమకొండలో 1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించినప్పుడు శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కలిపి ఒక పెద్ద హాలు కట్టలేదు. మూడు చిన్న గర్భగుళ్ళు కట్టి, వాటి నడుమ ఒకే రంగమండపం పెట్టాడు. జనం నిలిచేచోటును పంచారు కానీ స్వామి చోటును కలిపేయలేదు.

సామర్లకోట కుమారారామం చూశారా? చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం. లింగం దాదాపు 14 అడుగులు. గర్భగుడిని రెండు అంతస్తులుగా కట్టి, లింగాన్ని కింది అంతస్తు కప్పు దాటించి పైకి తీసుకెళ్ళారు. కింద పాదభాగానికి దణ్ణం పెట్టుకుని, మెట్లెక్కి పైన అభిషేకం చేస్తారు. దైవం అంత ఎత్తయినా గదిని వెడల్పుగా విప్పేయలేదు, మేడ కట్టారు. ఈ మధ్య కాలం సంగతి కావాలంటే యాదగిరిగుట్ట. చుట్టూ ఆలయమంతా నల్లరాతితో కొత్తగా లేచింది, 2022 మార్చి 28న తెరిచారు. స్వామి స్వయంభువుగా వెలసిన గుహను మాత్రం అలాగే ఉంచారు. అంత డబ్బు, అన్ని యంత్రాలు ఉన్నచోటే గుహను ముట్టుకోలేదు.

పైన బరువు తగ్గించాలన్న ఆలోచన కూడా మనవాళ్ళకుంది. 1213 నాటి రామప్ప గుడిలో గర్భగుడి మీది విమానాన్ని నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. మీ గుడి విమానం మీద కమిటీవారు కొత్తగా కాంక్రీటు పూత, సిమెంటు బొమ్మలు వేయించి ఉంటే, కింద ద్వారపు రాయి ఎంత అదనపు బరువు మోస్తోందో ఇంజినీరుగారిని ఒకసారి లెక్కకట్టమనండి.

టైల్స్ గురించి నా అనుభవమే చెబుతాను, ఇది చెప్పడానికి ఇప్పటికీ బాధే. పని నేర్చుకుని సొంతంగా చేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక పల్లెటూరి గుడిలో దాత పట్టుబడితే నేనే దగ్గరుండి గర్భగుడి గోడలకు ఏడడుగుల ఎత్తు తెల్ల టైల్స్ వేయించాను. సిమెంటు పట్టడానికి పాత రాతి మీద గాట్లు కొట్టించాను. ప్రారంభం రోజున అందరూ మెచ్చుకున్నారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి టైల్స్ వెనక నీరు చేరింది. అంతకుముందు గోడ నుంచి ఆరిపోయే చెమ్మకు దారి మూసుకుపోయింది. ఉప్పు పొంగి, కింది వరుస టైల్స్ ఉబ్బి, ఒకరోజు అభిషేకం జరుగుతుండగా ఊడి పడ్డాయి. తీయించి చూస్తే రాతి ముఖం పొరలుగా రాలిపోతోంది. నేను కొట్టించిన గాట్లు ఇప్పటికీ ఆ గోడ మీద ఉన్నాయి. వాటిని పూడ్చే మార్గం లేదు. మీకింత పట్టుగా చెబుతున్నది అందుకే.

ఇప్పుడు మీ చెమ్మ. రేపు గుడికి వెళ్ళినప్పుడు గర్భగుడిలోకి కాదు, ఉత్తరం వైపు గోడ దగ్గరికి వెళ్ళండి. అభిషేక జలం బయటికి వచ్చే రాతి తూము, సోమసూత్రం, అక్కడుంటుంది. శివాలయంలో ప్రదక్షిణ చేస్తూ దాన్ని దాటకుండా వెనక్కి తిరుగుతారే, అదే. దాని మూతి నేలకు ఎంత ఎత్తులో ఉందో చూడండి. నేను చూసిన పది గుళ్ళలో ఏడెనిమిదింట్లో అదే రోగం. ప్రతి ఉత్సవానికీ ఆవరణలో కొత్తగా సిమెంటు పోస్తారు, ఒకసారి బండలు, ఒకసారి టైల్స్. నేల అడుగు, అడుగున్నర లేస్తుంది. అధిష్ఠానం (గోడల కింద గుడిని మోసే రాతి అరుగు) కింది వరుసలు మట్టిలో కూరుకుపోతాయి. సోమసూత్రం సగం పూడిపోతుంది. వాననీరు గుడికి దూరంగా పోవలసింది గుడి కిందికి వస్తుంది. లోపల రోజూ పోసిన పాలు, నీళ్ళు బయటికి పోలేక పీఠం కిందే ఇంకుతాయి. ఇంతా జరిగాక గోడ చెమ్మెక్కిందని లోపల టైల్స్ వేస్తే ఉపయోగమేముంది?

దాతగారి డబ్బు ముందు దీనికి ఖర్చుపెట్టండి. ఆవరణలో గుడి చుట్టూ కనీసం నాలుగైదు అడుగుల మేర సిమెంటు పగలగొట్టించి, అధిష్ఠానం అసలు అడుగు కనపడేదాకా నేల దించండి. వాటం బయటికి పెట్టించండి. సోమసూత్రాన్ని వెదురు పుల్లతో, నీళ్ళతో శుభ్రం చేయించండి, గునపం పెట్టవద్దు. విమానం మీద పగుళ్ళుంటే గానుగ సున్నంతో పూడ్పించండి, సిమెంటుతో కాదు. లోపల గోడకు ఇప్పటికే సిమెంటు పూత ఉంటే మెల్లగా తీయించి సున్నం పూయించండి. ఒక వేసవి పూర్తిగా ఆరనివ్వండి. చెమ్మ చాలావరకు దానంతటదే తగ్గుతుంది.

మసికి యాసిడ్ పోయవద్దు, ఇసుక చిమ్మే మిషన్ దగ్గరికే రానీయవద్దు. జిడ్డు మీద బియ్యప్పిండి అద్ది, మెత్తటి కుంచెతో, ఓపికగా. మళ్ళీ మసి పట్టకుండా కర్పూరం, అగరువత్తులు అంతరాలయంలో వెలిగించి, లోపల నువ్వుల నూనె దీపాలు మాత్రమే ఉంచమని అర్చకస్వామితో మాట్లాడండి. ఏసీ ఆలోచన మానండి. చల్లబడ్డ రాతి మీద జనం ఊపిరిలోని తేమ నీళ్ళై కారుతుంది, ఉన్న చెమ్మ రెట్టింపవుతుంది. అర్చకస్వామికి ఉక్కగా ఉంటే అంతరాలయంలో ఒక చిన్న ఫ్యాను చాలు, గోడకు రంధ్రం చేయవద్దు.

పెద్దవాళ్ళ దర్శనం గురించి. నందీశ్వరుడి దగ్గర నిలబడి కొమ్ముల మధ్య నుంచి చూడండి, లింగం కనపడుతోందా? చాలా గుళ్ళలో కనపడదు. నడుమ హుండీ, స్టీలు గొట్టాలు, దాతల పేర్ల బోర్డు, గంటల మిషన్ అడ్డం ఉంటాయి. ఆ వరుసంతా ఖాళీ చేయించండి. మండపం నేల కూడా ఎత్తు పెంచేసి ఉంటే పాత మట్టానికి దించండి. మనం నిలబడే నేల అర అడుగు దిగితే, అదే ద్వారంలోంచి అంత తక్కువ వంగితే చాలు. నంది పక్కన నాలుగు కుర్చీలు వేయించండి. కూర్చున్నవాళ్ళ కంటిమట్టానికి లింగం సరిగ్గా కనపడుతుంది. అంతరాలయంలో లైట్లు ఆర్పేస్తే లోపలి దీపమే దారి చూపుతుంది.

ఇవేవీ గర్భగుడిని కదిలించే పనులు కావు కాబట్టి బాలాలయం (పనులయ్యేదాకా స్వామిని ఉంచే తాత్కాలిక గుడి) అవసరం రాదు. స్వామిని పీఠానికి అతికించే అష్టబంధనం వదులైందని తేలితే మాత్రం సంగతి వేరు. లక్క, గుగ్గిలం, మైనం, వెన్న వంటివి దంచి చేసే ఆ ముద్దను తిరిగి పెట్టడానికి కళాకర్షణ చేసి (మంత్రాలతో స్వామి శక్తిని కలశంలోకి తీసుకుని) స్వామిని బాలాలయంలో ఉంచాలి. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగేదే ఇది, చివరిగా 2018 ఆగస్టులో జరిగింది. మీ గుడి దేవాదాయశాఖ కింద ఉందన్నారు కాబట్టి ఏ పనికైనా ముందు శాఖ స్థపతిగారి చేత చూపించి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉంటే ఆవరణలో గునపం వేయడానికి కూడా వాళ్ళు ఒప్పుకోవాలి.

కమిటీ సమావేశం వచ్చే నెల అన్నారు. ఈలోగా సోమసూత్రం మూతి, ఉత్తరం గోడ కింది వరుస, ద్వారం పై అడ్డరాయి, ఈ మూడింటి ఫొటోలు పగటి వెలుతుర్లో తీసి ఇక్కడే పెట్టండి. అడ్డరాయికి నడుమ సన్నటి వెంట్రుకవాసి చీలిక ఉందేమో దగ్గరగా చూడండి. ఉంటే సమావేశం దాకా ఆగవద్దు, వెంటనే కింద టేకు దుంగతో ఊత పెట్టించి నాకు చెప్పండి.